బడి గోడల బాధ్యత ఎవరిది?
పాఠశాల ఋణపత్రాలపై మన వైఖరి

(పుదుచ్చేరి పట్టణంలో తెలుగు రైల్వే, తపాలా ఉద్యోగుల సమావేశంలో మన సమాఖ్య పక్షాన చేసిన ప్రసంగ పాఠం)



మన సమావేశాలలో సాధారణంగా వేతన సంఘం, ఖాళీ పోస్టులు, పింఛను, బదిలీలు చర్చకు వస్తాయి. ఈనాడు మేము ప్రస్తావించబోయే విషయానికి మన కోర్కెల పత్రంలో ఇంతవరకు చోటు లేదు. అది ప్రభుత్వ పాఠశాల భవనం. రైలు నడిపేవారికి, ఉత్తరం బట్వాడా చేసేవారికి బడి గోడతో ఏమి పని అని ఎవరైనా అడుగవచ్చు. ఆ ప్రశ్నకు సమాధానం చెప్పడానికే మేము ఇక్కడికి వచ్చాము.

మనలో ఎన్నికల విధులు నిర్వహించినవారు చాలామంది ఉన్నారు. పోలింగుకు ముందురోజు సాయంత్రం పెట్టెలు మోసుకొని బడికి చేరతాము. బల్లలు కలిపి, దుప్పటి పరచి, ఆ రాత్రి తరగతి గదిలోనే పడుకుంటాము. అప్పుడు పైకప్పు వంక చూస్తాము. పెచ్చులూడిన కప్పు, బయటపడిన ఇనుప చువ్వలు, గోడమీద గత వానల చారలు కనిపిస్తాయి. తెల్లవారేసరికి ఓటరు కోసం తాగునీటి బిందె వస్తుంది. నడవలేని వృద్ధుల కోసం చెక్కలతో ఏటవాలు దారి వేస్తారు. మూసి ఉన్న మరుగుదొడ్డి తాళం ఆనాడు తెరుచుకుంటుంది. మరునాడు చెక్కలు తీసివేస్తారు, బిందె వెళ్ళిపోతుంది. విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుండి ఐదు తరగతులకు సంవత్సరానికి 200, ఆరు నుండి ఎనిమిది తరగతులకు 220 పనిదినాలు ఉండాలి. ఓటరుకు ఒక్కరోజు కలిగిన సౌకర్యం విద్యార్థికి ఆ 200 రోజులలో ఎందుకు కలుగదు? విద్యార్థికి ఓటు లేదు గనుక. ఆ ఓటు మన చేతిలో ఉన్నది గనుక ఈ బాధ్యత మనది.

పుదుచ్చేరి నేర్పిన పాఠం

ఈ పట్టణం విద్యకు కొత్తది కాదు. మిషన్ వీధిలోని కళవే కళాశాల 19వ శతాబ్దంలో కళవే సుబ్బరాయ చెట్టి గారి దాతృత్వంతో వెలసింది. 1930లోనే, ఫ్రెంచి పాలనలో, ఇక్కడి బడిపిల్లలకు భోజన పథకం ప్రారంభమయింది. పిల్లవాడు బడికి రావాలంటే అక్షరంతోపాటు అన్నం కూడా కావాలని ఈ ఊరు చాలా ముందుగానే గ్రహించింది. అన్నం తరువాత అడుగవలసినది తలమీద కప్పు.

ఇదే పట్టణంలో సముద్రతీరాన, మేరీ అని పిలుచుకొనే పాత పురపాలక భవనం ఉండేది. 19వ శతాబ్దపు కట్టడమది. ఏళ్ళ తరబడి మరమ్మతు లేక, 2014 నవంబరు వానలలో అది కుప్పకూలింది. తరువాత ప్రపంచ బ్యాంకు ఋణసహాయంతో నడిచిన తీరప్రాంత విపత్తు నివారణ పథకం క్రింద దానిని పూర్వరూపంలోనే తిరిగి నిర్మించారు. 2021 ఫిబ్రవరిలో ప్రారంభోత్సవం జరిగింది. ఆ పునర్నిర్మాణాన్ని మేము హర్షిస్తున్నాము. కాని అది మనకు నేర్పిన పాఠం మరువరాదు. సకాలంలో మరమ్మతు చేయని ప్రభుత్వం చివరకు అప్పు చేయక తప్పదు. ముందు చేసే అప్పుతో భవనం నిలుస్తుంది. కూలిన తరువాత చేసే అప్పుతో దానిని మళ్ళీ పునాది నుండి కట్టుకోవాలి. కూలినది కార్యాలయం గనుక తిరిగి కట్టగలిగాము. తరగతి గది పిల్లలపై కూలితే తిరిగి కట్టగలిగేది ఏమున్నది?

2004 జులై 16న, ఇక్కడికి దక్షిణాన ఉన్న కుంభకోణంలో ఒక ప్రైవేటు పాఠశాల పూరికప్పు అంటుకొని 94 మంది పసివారు కాలిపోయారు. 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లా పిప్లోదీ గ్రామంలో ప్రభుత్వ పాఠశాల కప్పు కూలి ఏడుగురు పిల్లలు మరణించారు. ఈ రెండు దుర్ఘటనల నడుమ 21 సంవత్సరాలు గడిచాయి. ఆ మధ్యకాలంలోనే, 2010 ఏప్రిల్ 1న, విద్యాహక్కు చట్టం అమలులోకి వచ్చింది. అన్ని ఋతువులకు తట్టుకొనే భవనం, ఉపాధ్యాయునికొక గది, బాలబాలికలకు వేరువేరు మరుగుదొడ్లు, సురక్షితమైన తాగునీరు, వంటగది, ఆటస్థలం, ప్రహరీగోడ ఉండాలని ఆ చట్టపు అనుబంధం నిర్దేశిస్తున్నది. చట్టం కొరవడలేదు, కొరవడినది ధనం. కొన్నిచోట్ల ధనం కూడా ఉన్నది గాని, అది బడికి చేరలేదు.

ఇక తుపానుల సంగతి. 2011 డిసెంబరు 30న థానే తుపాను ఈ తీరాన్ని అతలాకుతలం చేసింది. 2024 నవంబరు 30న ఫెంగల్ తుపాను ఇక్కడికి సమీపంలోనే తీరం దాటినపుడు 24 గంటలలో సుమారు 48 సెంటీమీటర్ల వాన కురిసింది. అటువంటి రాత్రి లోతట్టు వీధుల జనం తలదాచుకొనేందుకు పరుగెత్తేది ఏ బంగళాకో కాదు, ప్రభుత్వ పాఠశాలకే. కనుక బడి కప్పు పిల్లలకు మాత్రమే కాదు, ఊరికంతటికీ ఆశ్రయం.

రైలుకు అప్పు దొరికింది, బడికి దొరకదా?

పాఠశాల వంటి దీర్ఘకాలిక కట్టడానికి ఋణపత్రాల ద్వారా, అనగా బాండ్ల ద్వారా, ధనం సమకూర్చవచ్చునా అన్నది నేటి ప్రశ్న. ఈ మాట వినగానే అప్పు అని కొందరు వెనుకాడుతారు. అయితే ఇక్కడ కూర్చున్న మనమంతా ఋణపత్రాల మీద నడుస్తున్న సంస్థలలోనే పనిచేస్తున్నాము.

విల్లుపురం నుండి పుదుచ్చేరికి రైలుమార్గం 1879లో వచ్చింది. ఆ శతాబ్దంలో ఇంగ్లండులోని పెట్టుబడిదారులు వాటాలు కొని భారతదేశంలో రైళ్ళు వేశారు. నష్టం వచ్చినా 5 శాతం ప్రతిఫలం చెల్లించేటట్లు తొలి కంపెనీలకు ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఆ హామీ సొమ్ము మన రైతు కట్టిన శిస్తులో నుండి వెళ్ళింది. ఆ రైతును ఎవరూ అడుగలేదు. స్వతంత్ర భారతంలో 1986లో భారతీయ రైల్వే ఫైనాన్స్ కార్పొరేషన్ ఏర్పడింది. అది బాండ్లు అమ్మి ధనం సేకరిస్తుంది, ఇంజన్లు, పెట్టెలు, వ్యాగన్లు కొని రైల్వేకు లీజుకిస్తుంది. ఈనాడు మన డ్రైవరు సోదరుడు నడిపే ఇంజను బాండ్ల సొమ్ముతో కొన్నదే కావచ్చును.

తపాలా సోదరుల సంగతి చెప్పనవసరం లేదు. తపాలా పొదుపు బ్యాంకు 1882 నుండి ఉన్నది. జాతీయ పొదుపు పత్రం, కిసాన్ వికాస్ పత్రం అమ్మినది మన గుమాస్తాలే. ఊరూరా తిరిగి రూపాయి రూపాయి పోగుచేసినది మన బట్వాడా సిబ్బందే. ఆ పొదుపుకై 1999లో జాతీయ చిన్న పొదుపు నిధి ఏర్పడినది. అందులో నుండి రాష్ట్రాలకు దీర్ఘకాలిక అప్పులు వెళ్ళేవి. ఆ వడ్డీ బజారు వడ్డీకంటె అధికమన్న కారణాన, 14వ ఆర్థిక సంఘం సిఫారసుపై, 2016 ఏప్రిల్ నుండి ఢిల్లీ, కేరళ, మధ్యప్రదేశ్, అరుణాచల్ ప్రదేశ్ మినహా తక్కిన రాష్ట్రాలను, శాసనసభ గల కేంద్రపాలిత ప్రాంతాలను ఆ ఋణాల నుండి మినహాయించారు. పుదుచ్చేరి కూడా అందులో చేరినది. ఈ ఊరి తపాలా కౌంటరులో జమ అయిన పొదుపుకూ ఈ ఊరి బడికీ మధ్య ఒకప్పుడు ఉండిన ఆ పలుచని దారం కూడా ఆ విధంగా తెగిపోయినది.

మన తెలుగు నగరాలు సైతం బాండ్లు జారీచేశాయి. 2018 ఫిబ్రవరిలో హైదరాబాదు మహానగర పాలక సంస్థ 8.9 శాతం వడ్డీకి 200 కోట్ల రూపాయల బాండ్లు జారీచేసి రహదారుల పనులు చేపట్టింది. అదే సంవత్సరం ఆగస్టులో అమరావతి నిర్మాణానికి 10.32 శాతం వడ్డీకి 2,000 కోట్లు సేకరించారు. రహదారికి బాండు ఉన్నది, రాజధానికి బాండు ఉన్నది. గ్రామీణ పాఠశాలలకు నాబార్డు గ్రామీణ మౌలిక వసతుల నిధి నుండి రాష్ట్రాలకు అప్పు దొరుకుతున్నది. పట్టణంలోని పేటబడి ఆ గ్రామీణ నిధి పరిధిలోకి రాదు, బాండ్ల జాబితాలోకీ రాలేదు.

లెక్క చూద్దాం

మనం లెక్కలు తెలిసినవారము. ఉదాహరణకు ఒక పాఠశాల పునర్నిర్మాణానికి కోటి రూపాయలు కావలెననుకుందాం. 8 శాతం వడ్డీకి 15 సంవత్సరాల గడువుతో అప్పు చేస్తే, ఏటా సమాన వాయిదాగా సుమారు 11 లక్షల 68 వేల రూపాయలు కట్టాలి. మొత్తం సుమారు కోటి 75 లక్షలవుతుంది. అంటే వడ్డీయే 75 లక్షలు. దీనిని మేము దాచిపెట్టడం లేదు.

ఇప్పుడు రెండవ లెక్క. అప్పు వద్దు, సొమ్ము సమకూరిన తరువాతనే కడదామని పది సంవత్సరాలు ఆగితే ఏమగును? ఇసుక, ఇనుము, సిమెంటు, కూలి ఏటా 6 శాతం పెరిగినా, పదవ ఏట అదే భవనానికి కోటి 79 లక్షలు కావాలి. పైగా ఆ పదేళ్ళలో ఒకటవ తరగతిలో చేరి ఐదవ తరగతి ముగించిన పిల్లలు రెండు తరాలవారు కారుతున్న కప్పు క్రిందనే చదువు ముగిస్తారు. వడ్డీ రూపాయలలో కనబడుతుంది, ఆలస్యానికి మూల్యం ఏ పద్దులోనూ కనబడదు. 40, 50 ఏళ్ళు నిలిచే భవనానికి ఒకే సంవత్సరపు పన్నుదారుడు మొత్తం భారం మోయడం కంటె, దానిని వాడుకొనే తరాలు పంచుకొనడమే న్యాయం.

అయితే అప్పు అన్నివేళలా మంచిదని మేము చెప్పడం లేదు. జీతాలకోసం, పాత అప్పు తీర్చడంకోసం చేసే అప్పు వేరు, నిలిచే కట్టడంకోసం చేసే అప్పు వేరు. పుదుచ్చేరికి 2007లో ప్రత్యేక ప్రభుత్వ ఖాతా ఏర్పడిన తరువాత బజారు ఋణాలు తెచ్చుకొనే వీలు కలిగింది. కాని ఆ సొమ్ము సాధారణ ఖజానాలో కలిసిపోయినపుడు ఏ రూపాయి ఏ బడికి చేరినదో ఎవరూ చెప్పలేరు.

ఓటరును అడగడం

అమెరికాలో పాఠశాల భవనాలకు బాండ్లు జారీచేయాలంటే చాలా రాష్ట్రాలలో ఓటర్ల సమ్మతి కావాలి. కాలిఫోర్నియా రాష్ట్రంలో స్థానిక పాఠశాల బాండుకు మూడింట రెండు వంతుల ఓట్లు అవసరమన్న నియమం ఉండేది. 2000 నవంబరులో అక్కడి ఓటర్లు 39వ ప్రతిపాదనను ఆమోదించి దానిని 55 శాతానికి తగ్గించారు. ఆ సడలింపుకు ప్రతిగా గట్టి షరతులు పెట్టారు. చేపట్టే పనుల జాబితా ముందే ప్రకటించాలి. బాండు సొమ్ము జీతాలకు వాడరాదు. ఏటా ఆడిటు జరగాలి. పౌరుల పర్యవేక్షణ సంఘం ఉండాలి. అక్కడి ఓటరు ప్రతిసారీ తలూపడు. 2020 మార్చిలో 1,500 కోట్ల డాలర్ల రాష్ట్ర పాఠశాల బాండును తిరస్కరించాడు, 2024 నవంబరులో 1,000 కోట్ల డాలర్ల బాండును ఆమోదించాడు. కాదనే హక్కు ఉన్నపుడే అవునన్న మాటకు విలువ. ఆ పద్ధతిలో లోపం కూడా ఉన్నది. స్థానిక బాండును ఆ ప్రాంతపు ఆస్తిపన్నుతో తీరుస్తారు గనుక ధనికుల పేటలో మేలైన బడి, పేదల పేటలో నాసిరకపు బడి వెలుస్తాయి. మనం అనుకరించవలసినది షరతులను, ఆ అసమానతను కాదు.

మన రాజ్యాంగంలో అప్పుకు ప్రజాభిప్రాయ సేకరణ పద్ధతి లేదు. కాని ప్రశ్నను ఓటుకు పెట్టిన చరిత్ర ఈ నేలకు ఉన్నది. 1954 అక్టోబరు 18న, ఇక్కడికి సమీపంలోని కీళూరులో 178 మంది ప్రజాప్రతినిధులు సమావేశమై, ఫ్రెంచి పాలన నుండి భారతదేశంలో కలవాలా వద్దా అన్న ప్రశ్నపై ఓటు వేశారు. 170 మంది విలీనాన్ని సమర్థించారు. ఒక ప్రాంతపు భవిష్యత్తునే ఓటుతో తేల్చిన ప్రజలకు బడి కప్పు గురించి అభిప్రాయం చెప్పే అర్హత లేదందురా? అటువంటి చోట పురపాలక ఎన్నికలు 1968 తరువాత 38 ఏళ్ళకు, 2006లో జరిగాయి. ఆ మండళ్ళ గడువు 2011లో ముగిసిన తరువాత దశాబ్దం దాటినా తిరిగి ఎన్నికలు జరగలేదు. వార్డు సభ్యుడే లేని వార్డులో బడి కారుతున్నదని ఓటరు ఎవరికి చెప్పుకోవాలి? కనుక ప్రస్తుతం ఈ ప్రశ్న వేయవలసినది శాసనసభకు, లోక్‌సభకు పోటీచేసే అభ్యర్థులనే. స్థానిక ఎన్నికలు జరపాలన్న కోర్కెను కూడా దీనితో జతచేయాలి.

ఆక్షేపణలు

మా కార్యవర్గంలోనే ఈ విషయమై గట్టి వాదోపవాదాలు జరిగాయి. విద్య ప్రభుత్వ బాధ్యత, మనం ఇప్పటికే పన్ను కడుతున్నాము, మళ్ళీ బాండు ఎందుకని కొందరు సభ్యులు ప్రశ్నించారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. 2004లో 2 శాతం విద్యా సెస్సు వచ్చింది. 2007లో మాధ్యమిక, ఉన్నత విద్యల పేరిట మరొక 1 శాతం చేరింది. 2018లో అవి ఆరోగ్య, విద్యా సెస్సుగా మారి 4 శాతమయ్యాయి. మన జీతం నుండి ఆదాయపు పన్నుతోపాటు అది కోసుకుంటున్నారు. 2007 నుండి వసూలైన ఆ 1 శాతానికై ఒక ప్రత్యేక నిధిని ఏర్పరచడానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపినది 2017 ఆగస్టులో! పదేళ్ళు సొమ్ము వచ్చింది, దానికంటూ పెట్టె లేదు. జాతీయాదాయంలో 6 శాతం విద్యకు వెచ్చించాలని కొఠారీ కమిషన్ 1966లో చెప్పింది, 2020 జాతీయ విద్యావిధానం అదే మాటను తిరిగి చెప్పింది. కనుక బాండు ఉన్నది గదా అని బడ్జెటు కేటాయింపు తగ్గిస్తే మేము అంగీకరించము. బాండు బడ్జెటుకు తోడుగా ఉండాలి గాని, దాని స్థానాన్ని ఆక్రమించరాదు.

రెండవ ఆక్షేపణ 1974 నాటిది. ఆ ఏడాది అదనపు వేతనాలను, కరువుభత్యపు పెరుగుదలలో సగాన్ని నిర్బంధ డిపాజిట్టు పేర కార్మికుని చేతికి అందకుండా చేశారు. అది పొదుపు కాదు, జప్తు. పాఠశాల బాండు పేర జీతంలో కోత పెట్టే ప్రయత్నం ఎవరు చేసినా మన సంఘాలు మొట్టమొదట ఎదిరిస్తాయి.

మూడవది, దాతల చేతనే కట్టిద్దామన్న వాదన. కామరాజు గారు మద్రాసు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, 1958 నుండి, విద్యాశాఖ అధిపతి సుందరవడివేలు గారి పూనికతో ఊరూరా పాఠశాల అభివృద్ధి సమావేశాలు జరిగాయి. ప్రజలు స్థలాలు, గదులు, బల్లలు ఇచ్చారు. అది మహోద్యమం. కాని దానం ఇవ్వగలవాడున్న ఊరికే చేరుతుంది. మత్స్యకారుల పేటకు, కూలీల వాడకు దాత ఎక్కడినుండి వస్తాడు? దాతకు దండ వేద్దాం, కాని పిల్లవాని హక్కును దాత దయకు వదలరాదు.

మన షరతులు

కాబట్టి పాఠశాల ఋణపత్రాలను సమాఖ్య షరతులతో సమర్థిస్తున్నది. మొదటిది: అప్పు చేయకముందే ఏ బడికి ఏ పని, ఎంత ఖర్చు అన్న జాబితాను ప్రతి పాఠశాల గోడమీద ప్రకటించాలి. రెండవది: సొమ్మును వేరే ఖాతాలో ఉంచాలి. మూడవది: తీర్చే భారం ఫీజుల రూపంలో పిల్లలపై పడరాదు, బడి స్థలం అమ్మరాదు, తాకట్టు పెట్టరాదు. నాల్గవది: బాండు ఒక్కొక్క పట్టణానికి కాక ప్రాంతమంతటికీ ఒకటిగా ఉండాలి. పుదుచ్చేరి పిల్లవానికి, కారైకాల్, మాహే పిల్లవానికి, గోదావరి ఒడ్డున యానాంలో తెలుగు చదువుకొనే పిల్లవానికి ఒకే కొలత వర్తించాలి. ఐదవది: చిన్న మొత్తాల పత్రాలు కూడా ఉండాలి, వాటిని తపాలా కార్యాలయాల ద్వారా అమ్మాలి, కొనుగోలు పూర్తిగా స్వచ్ఛందం కావాలి. ఆరవది: కట్టినదానిని కాపాడేందుకు ఏటా నిర్వహణ నిధి ఉండాలి.

ఏడవది పర్యవేక్షణ. విద్యాహక్కు చట్టం 21వ సెక్షను ప్రకారం పాఠశాల యాజమాన్య సంఘంలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది మహిళలు ఉండాలి. ఆ సంఘం సంతకం లేనిదే బిల్లు చెల్లించరాదు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరు 14న ప్రారంభమైన నాడు–నేడు కార్యక్రమపు తొలిదశలో 15,715 పాఠశాలల పనులను తల్లిదండ్రుల సంఘాల ద్వారానే జరిపించారు. తల్లులు సిమెంటు బస్తాలు లెక్కపెట్టగలరని అది ఋజువు చేసింది. రెండవ దశలో అనేకచోట్ల పనులు మధ్యలో నిలిచిపోవడం, నిధికి భరోసా లేనిదే శ్రద్ధ ఒక్కటే చాలదని తెలిపింది.

మిత్రులారా, ఈ సమావేశం నుండి తిరిగి వెళ్ళిన తరువాత ప్రతి శాఖా చేయవలసిన పని ఒకటున్నది. మీ పేటలోని ప్రభుత్వ పాఠశాలకు ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్ళండి. ప్రధానోపాధ్యాయుల అనుమతి తీసుకొని గదులు, కప్పు, మరుగుదొడ్లు, నీరు, మెట్లు చూడండి. కంటికి కనబడినది మాత్రమే ఒక కాగితంపై వ్రాయండి. ఉపాధ్యాయులను నిందించవద్దు, వారూ ఆ కప్పు క్రిందనే ఉన్నారు. ఓటు అడగడానికి వచ్చిన ప్రతి అభ్యర్థికీ, పార్టీ ఏదైనా సరే, ఆ కాగితం చేతికిచ్చి అడగండి: ఈ బడి ఎప్పుడు బాగవుతుంది, ధనం ఎక్కడినుండి వస్తుంది, లెక్క ఎవరికి చూపుతారు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానం వ్రాతపూర్వకంగా కోరండి.

మన పిల్లలలో కొందరు కేంద్రీయ విద్యాలయాలకు, మరికొందరు ప్రైవేటు బడులకు పోతూ ఉండవచ్చు. కాని పట్టాల వెంట పనిచేసే కాంట్రాక్టు కూలీ బిడ్డ, పార్సెలు సంచులు మోసే దినవేతన కార్మికుని బిడ్డ వెళ్ళేది ఆ పేటబడికే. వారు మన సభ్యులు కాకపోవచ్చు, అయినా మన వర్గమే. సంఘమంటే చందా కట్టినవారికి మాత్రమే అయితే, మన పెద్దలు ఇన్ని త్యాగాలు చేసి ఉండేవారు కారు.

మళ్ళీ ఎన్నికల విధికి వెళ్ళిన రాత్రి, అదే తరగతి గదిలో బల్లలు కలుపుకొని పడుకున్నపుడు, పైకప్పు వంక చూసి మనం నిశ్చింతగా నిద్రించగలగాలి. మరునాడు ఆ చెక్కల దారిని తీసివేయవలసిన అవసరం రాకూడదు. దాని చోట సిమెంటు దారి ఉండాలి. ఆ దారిన మన తరువాతి తరం బడిలోకి నడవాలి.

కార్మిక ఐక్యత వర్ధిల్లాలి. ప్రభుత్వ పాఠశాల వర్ధిల్లాలి.